హెడ్డాల్ చర్చి మ్యూజియం కాదు

సంపాదకుల వారికి నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో వచ్చిన నార్వే యాత్రా వ్యాసంలో హెడ్డాల్ కొయ్య చర్చిని ‘మధ్యయుగపు మ్యూజియం’ అన్నారు. ఓస్లోలో ఉంటూ నాలుగుసార్లు అక్కడికి వెళ్లొచ్చినదాన్ని, ఆ మాటకు మనసు చివుక్కుమంది. టెలిమార్క్‌ ప్రాంతంలో పొలాల మధ్య ఉన్న ఆ చర్చిలో ఊరివాళ్ల పెళ్లిళ్లు, బాప్తిస్మాలు నేటికీ జరుగుతున్నాయి. వాళ్ల పెద్దల సమాధులు ఆ ఆవరణలోనే ఉన్నాయి.

భూతం మూడు రోజుల్లో కట్టిందన్న జానపద కథకు వ్యాసంలో సగం చోటిచ్చారు. కథ ముచ్చటైనదే, కానీ కట్టిన తీరు ఇంకా ముచ్చటైనది. మన పాకలకు నిట్రాళ్లు నిలబెట్టినట్టే, నిలువు స్తంభాల మీద కప్పు మోయించారు. ఆ స్తంభాలనే వాళ్లు ‘స్టావ్’ అంటారు. అంతకుముందు గుంజలను నేలలో పాతేవారు, చెమ్మకు అవి అడుగుభాగంలో కుళ్లిపోయేవి. తర్వాత రాళ్ల మీద అడ్డదూలాలు పరిచి, వాటి మీద స్తంభాలు నిలిపారు. అందుకే 13వ శతాబ్దపు కొయ్య ఇంకా నిలిచి ఉంది. గోడలకు, కప్పు మీది చెక్క పెంకులకు పైన్ చెట్ల తారు పూస్తారు. ఎండపొద్దున గోడ దగ్గరకెళితే పొగవాసన గుప్పుమంటుంది. ముట్టుకుంటే వేలికి నల్లగా జిగురంటింది నాకు. ఆ పూత మళ్లీ మళ్లీ వేస్తుండాల్సిందే.

వ్యాసంలో ఒక్క ముక్కయినా లేనిది మరమ్మతుల సంగతి. 1849–51లో ఆర్కిటెక్ట్ నెబెలాంగ్ దాన్ని బాగుచేయించారు. పాత పనితనం గురించి అప్పటికి తెలిసింది తక్కువ కాబట్టి, 1950లలో ఆ పనిని మళ్లీ సరిదిద్దాల్సి వచ్చింది. అదే 1851లో వచ్చిన చట్టం, ఆ ఊరి క్రైస్తవ సంఘంలో పదింట మూడు వంతుల మందికి చర్చిలో చోటుండాలంది. ఆ కొలతకు చాలక ఎన్నో కొయ్య చర్చిలు నేలమట్టమయ్యాయి. నార్వేలో ఒకప్పుడు వెయ్యికి పైగా ఉండేవంటారు, ఇప్పుడు మిగిలినవి 28. బెర్గెన్ నగరం దగ్గరి ఫాంటాఫ్ట్ చర్చిని 1992 జూన్ 6న తగలబెట్టారు, ఇప్పుడక్కడున్నది కొత్తగా కట్టినది.

దయచేసి వచ్చేవారం సవరణ వేయండి. వేసవిలో అటు వెళ్లే తెలుగువాళ్లకూ ఒక్క మాట చేర్చండి: లోపల పెళ్లో ప్రార్థనో జరుగుతుంటే కెమెరాలతో చొరబడకండి, అయ్యేదాకా బయట ఆగండి.

— ఒక పాఠకురాలు, ఓస్లో