డెర్బీ సంప్రదాయమా, మద్యం కంపెనీ ప్రకటనా?

సంపాదకుడు గారికి,

రెండు వారాల కిందట మీ ఆదివారం అనుబంధంలో అమెరికా గుర్రప్పందేల కాక్‌టెయిల్స్ మీద వచ్చిన వ్యాసం చదివి ఊరుకుందామనుకున్నాను, నా వల్ల కాలేదు. లూయివిల్‌లో ఉంటున్న మాకు మే మొదటి శనివారం వచ్చే డెర్బీ గుర్రప్పందెం ఊరి పండుగ. దాని గురించి తెలుగువాళ్లకు ఇలా అరకొరగా చెబితే ఎలా?

1875 నుంచి సాగుతున్న కెంటకీ డెర్బీలో మింట్ జూలెప్ అనే పుదీనా, బూర్బన్ విస్కీ కాక్‌టెయిల్‌ను తరతరాల పద్ధతిలో కళ్లెదుటే కలిపి ఇస్తారని రాశారు. కానీ డెర్బీ జరిగే చర్చిల్ డౌన్స్ మైదానంలో మామూలు టికెట్‌వాళ్లకు దొరికేది ముందే కలిపి సీసాల్లో నింపిన సరుకు. ఐసు మీద ఒంపి, పుదీనా రెమ్మ గుచ్చి చేతిలో పెడతారు. రెండు రోజుల్లో 1,20,000 దాకా అమ్మాలంటే అంతకన్నా కుదరదు, అది అర్థమవుతుంది. కానీ అసలు జూలెప్ వేరు. పుదీనా ఆకుల్ని పంచదారతో మెల్లగా నొక్కాలి, మరీ నలిపితే చేదెక్కుతుంది. బూర్బన్ పోసి, పొడిచేసిన ఐసు గుట్టగా వేసి, వెండి కప్పు బయట తెల్లటి మంచు పట్టేదాకా కలపాలి. ఈ తేడా ఒక్క ముక్క రాయలేదు. మద్యం కంపెనీ పేరు మాత్రం మూడుచోట్ల వేశారు!

మిగతా పందేల కాక్‌టెయిల్సూ అంతే. ప్రీక్‌నెస్ పందెంవాళ్ల కాక్‌టెయిల్ బ్లాక్ ఐడ్ సూసన్ 1973లో వచ్చింది. స్పాన్సర్ మారినప్పుడల్లా అందులో పోసే మద్యమూ మారింది. ఆ పేరున్న పువ్వు మేలో పూయనే పూయదు, గెలిచిన గుర్రానికి కప్పేది వేరే పూల దుప్పటి. బెల్మాంట్ పందెంలో వైట్ కార్నేషన్ అనే కాక్‌టెయిల్ పోయి బెల్మాంట్ బ్రీజ్ వచ్చింది, 2011లో దాన్నీ తీసేసి బెల్మాంట్ జ్యువెల్ పెట్టారు. ఇలా మార్చుకుంటూ పోయేదాన్ని సంప్రదాయం అని ఎలా రాస్తారు?

2023లో డెర్బీకి అటూ ఇటూ కొన్ని వారాల్లో చర్చిల్ డౌన్స్‌లో 12 గుర్రాలు చనిపోయాయి. జూన్‌లో పందేలను ఎల్లిస్ పార్క్ అనే మరో మైదానానికి తరలించారు. మీ వ్యాసంలో పందేలు చూడ్డానికి వచ్చేవాళ్ల టోపీలకు చోటుంది, గుర్రాలకు లేదు.

మన దేశంలో టీవీలో మద్యం ప్రకటనలు నిషేధం. అయినా సోడా పేరుతో, మంచినీళ్ల పేరుతో అవే బ్రాండ్లు కనిపిస్తూనే ఉన్నాయి, అధికారులు చూసీ చూడనట్టే ఉంటారు. ఇప్పుడు రెసిపీ పేరుతో పత్రికలూ మొదలుపెడితే ఇక అడిగేవాడెవడు? పిల్లలు కూడా తిరగేసే పేజీ అది. దయచేసి తప్పులు సరిదిద్దండి, కంపెనీ ఇచ్చిన సమాచారమైతే ఆ మాట పైనే అచ్చువేయండి.

– ఒక పాఠకుడు, లూయివిల్, కెంటకీ