పాన్ అంటే పెనం కాదండీ

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: మీ సీసీ కెమెరా యాప్‌లో, దానితో వచ్చిన పుస్తకంలో తెలుగు తప్పులు.

అయ్యా,

తెనాలి దగ్గర ఊళ్లో ఒక్కతే ఉండే మా అమ్మ కోసం మీ తిరిగే కెమెరా కొని వరండాలో బిగించాను. ఆవిడకి తెలుగే చదవడం వచ్చు కాబట్టి యాప్ తెలుగులో పెట్టాను. రెండో రోజే ఫోన్ చేసింది. "ఒరేయ్, ఇందులో పెనం అని ఉందేంట్రా? వంటిల్లు కూడా కనబడుతుందా?"

చూస్తే నిజమే. పాన్ బటన్ మీద 'పెనం', టిల్ట్ బటన్ మీద 'వంపు'. పుస్తకంలో అయితే "పెనం: 355 డిగ్రీలు" అని అచ్చేశారు. అట్టు పోయడానికి కూడా అంత వేడి అక్కర్లేదు.

కెమెరాల వాళ్ల భాషలో పాన్ అంటే, ఉన్నచోటే ఉంచి కెమెరాను కుడికీ ఎడమకీ తిప్పడం. టిల్ట్ అంటే పైకెత్తడం, కిందికి దించడం. పాన్ అనేది పనోరమాకి పొట్టి రూపం. 18వ శతాబ్దం చివర్లో రాబర్ట్ బార్కర్ అనే చిత్రకారుడు గుండ్రటి గోడ నిండా గీసి, చుట్టూ తిరిగి చూడమన్న బొమ్మలవల్ల ఆ పేరు వాడుకలోకి వచ్చింది. అందులోని 'పాన్' గ్రీకు మాట, 'అంతా' అని అర్థం. మన పాన్ ఇండియా సినిమాల్లో ఉన్నదీ అదే. వంటింటి పాన్‌కి దీనితో చుట్టరికమే లేదు.

ఇది నవ్వుకుని వదిలేసే తప్పు కాదు. మొన్న రాత్రి గేటు చప్పుడైతే అమ్మ టెన్షన్‌తో 'వంపు' నొక్కుతూ కూర్చుంది. నేల కనబడింది, వరండా కప్పు కనబడింది, గేటు మాత్రం కనబడలేదు. ఇంకోసారి 'పెనం' నొక్కితే 355 డిగ్రీలు తిరిగి ఆగిపోయింది. లోపలి వైరు మెలిపడకుండా అక్కడ ఆగుతుందనీ, మళ్లీ వెనక్కి తిప్పాలనీ పుస్తకంలో ఒక్క ముక్క లేదు. చెడిపోయిందనుకుని ప్లగ్ పీకేసింది.

కస్టమర్ కేర్‌కి చేస్తే "భాష ఇంగ్లీషుకి మార్చుకోండి సార్" అన్నారు. పెట్టె మీద తెలుగు ఉందని రాసింది మీరే కదా?

'పక్కకి తిప్పు', 'పైకి, కిందికి' అని పెడితే చాలు. ఈ నెలాఖరులోగా సరిచేయండి, లేదా కెమెరా తీసుకుని డబ్బు తిరిగివ్వండి. బిల్లు కాపీ, స్క్రీన్‌షాట్లు జతచేశాను.

ఇట్లు,
మీ వినియోగదారుడు