నాటక సమాజం వార్షిక నివేదిక: సాటి కళాకారులకు ప్రోత్సాహం

సమాజ సభ్యులకు, శ్రేయోభిలాషులకు నమస్కారములు.

హాలు అద్దె, తెరల మరమ్మతు, పరిషత్తులకు, అంటే నాటక పోటీలకు, పంపవలసిన ఎంట్రీలు వంటి వాటిపై మనం ప్రతి ఏటా తీర్మానాలు చేసుకుంటూనే ఉన్నాం. అయితే సాటి కళాకారులను ప్రోత్సహించడాన్ని సమాజం పనితీరులో ఒక అలవాటుగా చేసుకోవాలని రాతపూర్వకంగా తీర్మానించింది మాత్రం గత సర్వసభ్య సమావేశంలోనే. అందుచేత ఈ నివేదికలో ఎక్కువ భాగాన్ని ఆ తీర్మానం అమలుకే కేటాయించాను.

ముందుగా రిహార్సళ్ల సంగతి. దర్శకుడు తప్పు కనబడినప్పుడే ఆపుతాడు కనుక, కొత్తగా వేషం కట్టేవారికి వారాల తరబడి తమ లోపాలు తప్ప మరేమీ వినబడవు. ప్రదర్శన ముగిశాక అందరూ వచ్చి ‘బాగా చేశావు’ అని భుజం తడతారు గాని, బాగున్నదేమిటో ఎవరూ చెప్పరు కాబట్టి దాన్ని నిలుపుకునే దారి అతనికి తెలియదు. అందుకని రిహార్సల్ పూర్తయిన వెంటనే, లోపాల ప్రస్తావనకు ముందే, హాజరైన ప్రతి ఒక్కరూ తోటి నటులలో ఒకరి గురించి తాము గమనించిన ఒక మంచి అంశాన్ని, అది ఏ సంభాషణ దగ్గరో, ఏ కదలికలోనో స్పష్టంగా చెప్పాలని నియమం పెట్టుకున్నాం. మొదట్లో ఇది బిగుసుకుపోయినట్టే సాగింది. ఇది పెళ్లి పందిట్లో చదివింపులు చదివినట్టుందని పెద్దలు హాస్యమాడారు కూడా. క్రమంగా వచ్చిన మార్పును మాత్రం అందరూ గమనించారు. ఎదుటివారి గురించి ఏదో ఒకటి కచ్చితంగా చెప్పవలసి వచ్చేసరికి, తమ సన్నివేశం కాగానే బయటికి వెళ్లి ఫోను చూసుకునేవారు లోపలే కూర్చుని తక్కినవారి సన్నివేశాలను శ్రద్ధగా చూడసాగారు. ఈ నియమం వల్ల కలిగిన మొదటి లాభం ఆ చూపే అని నా అభిప్రాయం. తర్వాత చెప్పే లోపాలను సైతం కొత్తవారు ముఖం చిన్నబుచ్చుకోకుండా వింటున్నారని దర్శకులు తెలియజేశారు.

ప్రేక్షకుల కంటబడని వారి విషయానికి వస్తే, పద్యనాటకంలో రాగం తీసిన నటుడికి ‘వన్స్ మోర్’ దక్కుతుంది గాని, ఆ రాగానికి ఆధారంగా నిలిచిన హార్మోనిస్టు పేరు చాలామందికి తెలియదు. తెర చాటు నుంచి సంభాషణలు అందించే ప్రాంప్టరు, మేకప్ చేసేవారు, లైట్లు చూసేవారు, రంగాలంకరణ మోసుకొచ్చేవారు కూడా అంతే. వీరి పేర్లను నాటకం అయ్యాక, కుర్చీలు ఖాళీ అవుతున్న వేళ చదవడం మన ఆనవాయితీ. ఈ ఏడు నుంచి తెర తీయడానికి ముందే చదువుతున్నాం.

నటీమణుల విషయంలో మాటలతో సరిపెట్టకూడదని కార్యవర్గం భావించింది. 1880లో పుట్టిన బళ్లారి రాఘవ వృత్తిరీత్యా న్యాయవాది. స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించాలని పట్టుబట్టి, గౌరవ కుటుంబాల స్త్రీలను రంగస్థలం మీదికి ఆహ్వానించారు. ఆయన ప్రోత్సాహంతో వచ్చిన కొమ్మూరి పద్మావతీదేవి వంటివారు ఆనాటి సమాజం మాటలు పడి నిలిచారు. నేడు మన నాటికలలో నటించే మహిళలు ఒకే పరిషత్తులో రెండు మూడు సమాజాలకు వేషాలు వేస్తూ, రాత్రి ప్రయాణాలు చేస్తూ వస్తున్నారు. వారికి కావలసింది వేదిక మీది పొగడ్త కన్నా ముందు గడియ ఉన్న డ్రెస్సింగ్ గది, అదే రాత్రి చేతికందే పారితోషికం, బస్టాండు దాకా తోడు. ఈ మూడింటినీ ఏర్పాటు చేసే బాధ్యతను ప్రతి ప్రదర్శనకు ఒక కార్యవర్గ సభ్యుడికి పేరు పెట్టి అప్పగించాం.

శాలువాల గురించి కొందరు సభ్యులు అసంతృప్తి వ్యక్తం చేశారు కనుక వివరణ ఇస్తున్నాను. సన్మానాల కోసం ప్రదర్శన ఆలస్యమై, పిల్లలతో వచ్చినవారు మొదటి రంగం కాకుండానే ఇళ్లకు వెళ్లిపోతున్నారు. పైగా అతిథికి కప్పిన శాలువా ఆయన బీరువాలో ఇదివరకే ఉన్న దొంతర మీదికి చేరడం తప్ప మరే ప్రయోజనమూ కనబడదు. అందుచేత శాలువాలను మానివేసి, ఆ మొత్తాన్ని కొత్త నటుల ప్రయాణ ఖర్చులకు మళ్లించాం. ఈ నిర్ణయం కొనసాగాలనే కార్యవర్గం కోరుతోంది.

ప్రతి ముఖ్య పాత్రకూ రెండో మనిషిని సిద్ధం చేసే పద్ధతిని కూడా ఈ ఏడే మొదలుపెట్టాం. 1920లో బాపట్లలో హరిశ్చంద్ర నాటకానికి చంద్రమతి వేషధారి రాకపోవడంతో ఆ పాత్ర దక్కిన యువకుడే స్థానం నరసింహారావు. తరువాత ఆయన తెనాలి రామవిలాస సభ నాటకాలలో స్త్రీ పాత్రలకు పేరు మోసి, 1956లో పద్మశ్రీ అందుకున్నారు. అలాంటి ఖాళీ అనుకోకుండా ఏర్పడే దాకా కొత్తవారిని కూర్చోబెట్టడం కన్నా, సంభాషణలు వల్లె వేయించి, బయటి ఊళ్ల ప్రదర్శనల్లో ఒకటైనా వారిచేత వేయించడం మేలని అనుకున్నాం. పాత్రధారులలో కొందరు మొదట సందేహించినా, తమ రెండో మనిషికి తామే దగ్గరుండి నేర్పారు. వారికి కృతజ్ఞతలు.

పరిషత్తులలో మన నాటిక కాగానే మేకప్ తుడుచుకుని బస్సెక్కకుండా, తరువాతి సమాజం నాటిక చూసి, గ్రీన్‌రూముకు వెళ్లి వారితో మాట్లాడి రావాలన్న నిర్ణయం పాక్షికంగానే అమలైంది. సెలవు దొరకనివారికి ఇది కష్టం. నిలిచి చూసినవారు పోస్టు కార్డు రాసి పంపే పద్ధతి సంక్రాంతి తర్వాత సన్నగిల్లింది. ఫోను చేసి చెప్పినా చాలునని ఇప్పుడు సడలిస్తున్నాం. బహుమతి మనకు రాని చోట కూడా వచ్చినవారిని పలకరించే వెళ్లాలన్నది మాత్రం సడలింపు లేని నియమంగానే ఉంచాం.

జమాఖర్చుల పట్టికను ఆడిటరు సంతకంతో విడిగా జతపరచాం. సభ్యత్వ రుసుములో మార్పు లేదు.

కందుకూరి వీరేశలింగం జయంతి అయిన ఏప్రిల్ 16న, తెలుగు నాటకరంగ దినోత్సవం సందర్భంగా, ఇంతవరకు వేదిక ఎక్కని సభ్యులు, వారి పిల్లలు మాత్రమే పాల్గొనే ప్రదర్శనను ప్రతిపాదిస్తున్నాం. ఆసక్తి గలవారు తమ పేర్లను మార్చి 27, ప్రపంచ రంగస్థల దినోత్సవం లోపు కార్యదర్శికి అందజేయగలరు. సీనియరు నటులు ఆ రోజు తెర లాగడం, మేకప్, ప్రాంప్టింగ్ పనులు స్వీకరించవలసిందిగా కోరుతున్నాం.

ఇట్లు,
కార్యవర్గం తరఫున,
కార్యదర్శి