క్లౌ దొర స్మారక సభ: జమా ఖర్చుల వివరణ

సంఘ పెద్దలకు, చందాలిచ్చిన కుటుంబాలకు వందనాలు. అమెరికా నుంచి వచ్చిన మిషనరీ క్లౌ దొర జ్ఞాపకార్థం జులై 3న వెల్లంపల్లిలో జరిపిన సభ లెక్కలు ఇవి.

పాత నిల్వ రూ.3,150. ఊళ్లో 62 కుటుంబాల చందా రూ.41,300. హైదరాబాద్, బెంగళూరుల్లో ఉద్యోగాలు చేసుకుంటున్న మన పిల్లలు ఫోన్‌పేలో పంపింది రూ.28,500. కానుకల డబ్బాలో రూ.4,270. మొత్తం జమ రూ.77,220.

భోజనాలకు రూ.27,840 అయింది. మూడు బస్తాల బియ్యం ఒక రైతు ఊరికే ఇచ్చారు, పేరు రాయొద్దన్నారు. షామియానా, కుర్చీలు, మైకుకు రూ.14,500, బస్సుకు రూ.6,500, చిల్లర ఖర్చులు రూ.1,260.

గొడవంతా దొర గురించి వేయించిన పుస్తకం దగ్గరే. 24 పేజీలు, 500 కాపీలు, రూ.19,000. అట్ట మీద 1878కి బదులు 1978 అని పడింది. ప్రూఫు చూసింది మేమే, రాత్రి పదకొండింటికి. ప్రెస్సు వాళ్ల తప్పేం లేదు. అట్టలు మళ్లీ వేయించడానికి ఇంకో రూ.3,200 పోయింది.

పుస్తకం డబ్బుతో ఇంకో కూర చేయించొచ్చు కదా అన్నారు కొందరు. క్లౌ దొర అంటే మన పిల్లలకు ఒంగోలు ఆసుపత్రి పేరుగానే తెలుసు. 1836లో న్యూయార్క్ రాష్ట్రంలో సేద్యం చేసుకునే ఇంట్లో పుట్టి, కుర్రతనంలో మిన్నెసోటాలో సర్వే గొలుసు పట్టుకు తిరిగిన మనిషి. 1866లో ఒంగోలు వచ్చారు. 1876-78 కరువులో దొర బకింగ్‌హాం కాలువ మూడు మైళ్లకు పైగా తవ్వించే కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి చూపించారు. ఆ సర్వే పని అక్కడ అక్కరకొచ్చింది. బోధకులే మేస్త్రీలయ్యారు. కూడు కోసం మతంలో చేరారన్న మాట రాకూడదని ఏడాదికి పైగా బాప్తిస్మాలు ఆపేశారు. ఆ తర్వాతే 1878 జులై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజున 2,222 మందికి ఇచ్చారు. ఏటా సభలో ఆ అంకె చెప్పి చప్పట్లు కొడుతున్నాం, ఆపిన సంగతి ఎవరూ ఎత్తరు. అందుకే పుస్తకం.

మొత్తం ఖర్చు రూ.72,300. నిల్వ రూ.4,920 కోశాధికారి దగ్గర ఉంది. బిల్లులు ఆదివారం ఆరాధన అయ్యాక ఎవరైనా చూసుకోవచ్చు. మిగిలిన 88 పుస్తకాలు చర్చి బీరువాలో ఉన్నాయి.

వంటకు అరువు తెచ్చిన రెండు గుండిగల్లో ఒకటి ఇంకా తిరిగి రాలేదు. ఎవరింట్లో ఉన్నా ఇచ్చేయండి, గుండిగ ఇచ్చినవాళ్లు రోజూ అడుగుతున్నారు.