ఇద్దరూ ఒప్పుకుని కొట్టుకుంటే కేసు ఉండదా?

ఎడిటర్ గారికి నమస్కారం,

మాది కావలి. పోయిన నెల మా వీధి చివర రోడ్డు మీదే ఇద్దరు పిల్లోళ్లు కొట్టుకున్నారు, ఇన్‌స్టాలో ఏదో కామెంట్ దగ్గర మొదలై, సింగిల్‌గా రారా తేల్చుకుందాం అని ఒకడంటే వస్తా పో అని ఇంకోడు, చుట్టూ పదిమంది ఫోన్లు పట్టుకుని వీడియో తీస్తా ఉండారు గానీ విడిపించినోడు లేడు. ఒకడు డిగ్రీ, రెండోవాడికి ఇంకా 17, ఇంటర్. చిన్నోడికి ముందు పన్ను విరిగింది. వాళ్లమ్మ కంప్లైంట్ ఇస్తానంటే పెద్దమనుషులు కూర్చుని "నీ కొడుకు ఇష్టపడే గదమ్మా పోయింది, వాట్సాప్‌లో ఓకే అని కూడా పెట్టాడు, ఇంక కేసు యాడిది" అని పంపించేశారు.

కోర్టులో గుమాస్తాగా చేసి రిటైరైనోణ్ణి, ఆ మాట విని ఊరుకోబుద్ధి కాలా. ఒప్పుకుంటే తప్పు కాదనే సెక్షన్ ఉన్నమాట నిజమే, పాత ఐపీసీలో 87, 2024 జులై 1 నుంచి దాని బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 25. కానీ దాన్ని సగమే చదువుతారు మనోళ్లు. ఒప్పుకున్నవాడికి 18 నిండాలి, కొట్టినవాడికి చంపాలనో తీవ్రగాయం చెయ్యాలనో ఉద్దేశం ఉండకూడదు, అట్టా జరగొచ్చని తెలిసి ఉండకూడదు. సరదాగా కత్తిసాము చేస్తా రూల్ ప్రకారం ఆడినా దెబ్బ తగిలితే నేరం కాదని చట్టంలోనే ఉదాహరణ ఉంది, మన సంక్రాంతి కబడ్డీ కూడా అట్టాంటిదే. స్టీల్ కడియం వేసుకుని మూతి మీద గుద్దేవాడికి పళ్లు రాలతాయని తెలీదా? పన్ను విరగడం ఈ కొత్త సంహితలో 116 కింద తీవ్రగాయమే, దానికి శిక్ష ఏడేళ్ల దాకా ఉంది, రాజీ పడాలన్నా కోర్టు పర్మిషన్ కావాలి, అరుగు మీద తేల్చే యవ్వారం కాదు.

ఇంకోటి, రోడ్డు మీద ఇద్దరు కొట్టుకుని జనాన్ని ఇబ్బంది పెడితే 194 కింద ఇద్దరి మీదా కేసు పెట్టొచ్చు, అంటే ఆ ఓకే మెసేజే రివర్స్‌లో తగులుకుంటది. ఇంగ్లండ్‌లో కూడా 1981లో అప్పీల్ కోర్టు ఇట్టాంటి కుర్రోళ్ల వీధి కొట్లాటలోనే ఇష్టపడి దిగామంటే చెల్లదని చెప్పింది, రూల్ ప్రకారం ఆడే ఆటలు, ఆపరేషన్లు లాంటివాటికి మాత్రం మినహాయింపు.

ఆ తల్లి స్టేషన్‌కి పోతదో లేదో ఆమె ఇష్టం, పన్ను కట్టించడానికి ఇప్పటికే అప్పు చేసింది. మన జిల్లాలో జూనియర్ కాలేజీల వాళ్లు ఫీజు గడువు బోర్డు పక్కన ఈ సెక్షన్లు తెలుగులో అంటిస్తే పోయేదేముంది?

ఇట్లు,
ఒక పాఠకుడు, కావలి