విషయం: ట్రైలర్‌లో ఒకటి, హెడ్‌సెట్‌లో ఇంకొకటి – మీ స్టోర్‌లో కొన్న రెండు యాప్‌లపై ఫిర్యాదు

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,
వీఆర్ హెడ్‌సెట్ విభాగం, ఇండియా కార్యాలయం.

నమస్కారం.

ముందే చెబుతున్నాను, కళ్ళకు తగిలించుకుంటే చుట్టూ వేరే లోకం చూపించే మీ వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్ మీద నాకు ఫిర్యాదు లేదు. కంప్యూటరూ వైర్లూ అక్కర్లేకుండా తలకు తగిలించుకుని హాల్లో నిలబడితే చాలు, గోడ ఎక్కడుందో సోఫా ఎక్కడుందో కనిపెట్టి హద్దు గీసుకుంటుంది. చేతిలో రిమోట్ లేకపోయినా వేళ్ళ కదలిక పట్టేస్తుంది. ఫోన్ తరహా ప్రాసెసర్‌తో ఇంత పని చేయించిన మీ ఇంజనీర్లకు దండం పెట్టాలి. నా గొడవంతా దాని లోపల మీరు అమ్ముతున్న సరుకుతో.

నేను మారతహళ్ళిలో ఉంటాను, ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. రోజంతా ఆఫీసులో బగ్గులు వెతికి, ఇంటికొచ్చాక డబ్బు కట్టి మరీ మీ బగ్గులు వెతుకుతున్నాను. దానికి నేనే మీకు బిల్లు పంపాలి, ఆ సంగతి ప్రస్తుతానికి పక్కన పెడదాం.

మా అమ్మ నెల్లూరు నుంచి వచ్చి మా దగ్గరే ఉంటోంది. హంపి చూడాలని ఆవిడకు ఎప్పటినుంచో కోరిక. మోకాళ్ళు అరిగిపోయాయి, ఎండలో ఆ రాళ్ళ మీద నడిపించలేం. మీ స్టోర్‌లో హంపి చూపించే యాప్ ఒకటి కనిపించింది. ట్రైలర్ చూస్తే నోరు తెరవాల్సిందే: విఠల దేవాలయం ముందున్న రాతిరథం చుట్టూ ఒక మనిషి తిరుగుతాడు, చక్రం దగ్గర వంగి చెక్కడం చూస్తాడు, స్తంభాల నీడలు నేల మీద కదులుతుంటాయి. కింద మీ ముద్ర: ఈ హెడ్‌సెట్‌కు అనుకూలం, కంఫర్ట్ స్థాయి (అంటే కళ్ళు తిరగకుండా ఎంత హాయిగా వాడొచ్చో) సుఖకరం. 749 రూపాయలు కట్టాను.

అమ్మను కుర్చీలో కూర్చోబెట్టి తగిలించాను. ఆవిడ మొదటి మాట, "ఏరా, నన్ను గాల్లో వేలాడదీశావా?"

ఆవిడ తప్పేం లేదు. అవి 360 డిగ్రీల ఫొటోలు, కెమెరాను మనిషెత్తు కంటే పైన స్టాండుకు బిగించి తీసినవి. కుర్చీలో కూర్చున్నవాళ్ళకు నేల ఎక్కడో పాతాళంలో ఉంటుంది. తల అటూ ఇటూ తిప్పుకోవచ్చు, అంతే. చక్రం చూద్దామని ముందుకు వంగితే రథమూ గుడీ ఆకాశమూ అన్నీ కలిసి మనతోపాటే ముందుకు జరుగుతాయి. రెండు ఫొటోలు అతికిన చోట ఆ చక్రం విరిగి, పై సగానికీ కింది సగానికీ పొంతన లేకుండా పోయింది. కిందికి చూస్తే కాళ్ళు ఉండాల్సిన చోట, స్టాండును చెరిపిన బూడిదరంగు మరక.

ట్రైలర్‌లో చూపిన నడిచే భాగం అసలు లేకపోలేదు. మెనూ చివర దాక్కుని ఉంది. అందులో మండపం వైపు తల తిప్పగానే బొమ్మ వణకడం మొదలైంది. డెవలపర్ మోడ్ ఆన్ చేసి, సెకనుకు ఎన్ని బొమ్మలు (ఫ్రేములు) గీస్తోందో చెప్పే ఫ్రేమ్ రేటు మీటరు పెట్టి చూశాను. 72 ఉండాల్సింది స్తంభాలు ఎదురుగా వచ్చినప్పుడల్లా 40ల్లోకి పడిపోతోంది. 72 అంటే ఒక్కో ఫ్రేముకు దొరికేది సుమారు 13.9 మిల్లీసెకన్లు, అంతలోనే రెండు కళ్ళకూ వేరువేరుగా బొమ్మ గీయాలి. ఆ గడువు తప్పితే, ఫోన్ గేమ్‌లో అయితే చిరాకుతో పోతుంది. ఇక్కడ కళ్ళు ఒకటి చెబుతాయి, ఒంటి కదలికను కనిపెట్టే లోపలి చెవి ఇంకొకటి చెబుతుంది, కడుపులో తిప్పుతుంది. అమ్మ ఆ సాయంత్రం కాఫీ కూడా వద్దని పడుకుంది. మీ పేజీలో అది ఇవాళ్టికీ "సుఖకరం" అనే ఉంది.

యాప్ తయారుచేసినవాళ్ళకు మెయిల్ పెడితే, ట్రైలర్‌ను పీసీ వెర్షన్ నుంచి, మంచి గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటర్ మీద రికార్డు చేశామని ఒప్పుకున్నారు. ఆ మాట మీ స్టోర్ పేజీలో ఒక్క లైను రాసి ఉంటే నేను కొనేవాణ్ణే కాదు.

రెండోది మా అమ్మాయి కోసం కొన్నది. ఆరో తరగతి. బడిలో ఇంగ్లీషు, కన్నడ, హిందీ అయిపోయేసరికి తెలుగుకు మిగిలేది మా ఇల్లే. గాల్లో తేలే అక్షరాలను చేత్తో పట్టుకుని మాటలు కట్టే ఆట, ఆలోచన బంగారం. భాషల వరుసలో తెలుగు పక్కన టిక్కు కూడా ఉంది. తెరిస్తే "అమ్మ" అన్న మాటలో మ వత్తు కిందికి దిగలేదు. మొదటి మ నెత్తిన పొల్లు పెట్టుకుని, రెండో మ పూర్తి అక్షరంగా దాని పక్కన నిలబడింది. "స్త్రీ" అయితే ముక్కలు ముక్కలు. మా అమ్మాయి కాసేపు చూసి, "నాన్నా, ఇది నాకు నేర్పాలా, నేను దీనికి నేర్పాలా?" అంది.

ఇది అంతుచిక్కని లోపమేం కాదు. గేమ్ ఇంజన్లలో, అంటే ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్లలో, మామూలుగా వాడే టెక్స్ట్ పద్ధతికి మన లిపుల్లో వత్తులూ గుణింతాలూ కలపడం దానంతట అది రాదు. డెవలపరు విడిగా పూనుకుని చేయాలి. చేశాడో లేదో తెలుసుకోవడానికి తెలుగు చదవగలిగిన మనిషి ఒక్కరు ఒక్కసారి తెరిచి చూస్తే సరిపోతుంది. బెంగళూరులో తెలుగువాళ్ళు దొరకలేదని మాత్రం చెప్పకండి.

ఇక రిఫండ్. కొన్న 14 రోజుల్లోపు, వాడకం 2 గంటలు దాటకుండా ఉంటే డబ్బు వెనక్కిస్తామన్నారు. కంప్యూటర్ ఆటలమ్మే స్టీమ్ స్టోర్‌లోనూ ఇదే నియమం, దానితో నాకు పేచీ లేదు. పేచీ మీ లెక్కతోనే. ఈ హంపి యాప్ ఇన్‌స్టాల్ అయ్యాక, తెరిచిన తర్వాత మళ్ళీ లోపల బోలెడు డేటా దించుకుంటుంది. హెడ్‌సెట్ తీసి పక్కన పెడితే నిద్రపోయి డౌన్‌లోడ్ ఆగిపోతుంది. అందుకని, ఇది వాడేవాళ్ళందరికీ తెలిసిన చిట్కాయే, హెడ్‌సెట్ తలకుందో లేదో కనిపెట్టే, నుదుటి దగ్గరి సెన్సర్ మీద కర్చీఫ్ కప్పి డైనింగ్ టేబుల్ మీద ఉంచి మేం భోజనాలు చేశాం. మీ రికార్డుల ప్రకారం ఆ సేపంతా నేను హంపిలో విహరిస్తున్నాను. "వినియోగం పరిమితి దాటినందున" అంటూ రిఫండ్ కొట్టేశారు. రెండో యాప్‌కు మీ చాట్ వాళ్ళిచ్చిన జవాబు ఇంకా ఘనం: రీస్టార్ట్ చేయండి, తీసేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేయండి, అప్పటికీ కాకపోతే డెవలపర్‌ను సంప్రదించండి. రీస్టార్ట్ చేస్తే వత్తులు దిగుతాయా అండీ?

మా వీధి చివర కిరాణా కొట్టాయన కందిపప్పులో పురుగులు కనిపిస్తే మిల్లుకు పొమ్మనడు, మారు మాట్లాడకుండా మార్చి ఇస్తాడు. ప్రతి అమ్మకంలో మీ వాటా మీరు పట్టుకుంటున్నప్పుడు సరుకు బాధ్యత ఒక్కటే డెవలపర్ మీదికి నెట్టడం ఎలా కుదురుతుంది?

ఎంచుకోవడానికి ఏముందో కూడా చెప్పనివ్వండి. 2021లో గొరిల్లా ట్యాగ్ వచ్చింది, చేతులతో నేలను తోసుకుంటూ గెంతే ఆట. పిల్లలు ఎగబడ్డారు, బాగుంది. ఇవాళ మీ స్టోర్‌లో "కొత్తవి" నొక్కితే అలాంటి కోతులే వరుసకట్టి కనిపిస్తాయి, రంగు ఒక్కటే తేడా. వ్యాయామం అని వెతికినా వాటిలో ఒకటి తగులుతుంది. ఇంకో హెడ్‌సెట్ కంపెనీ మెటా 2024 ఆగస్టులో, వడపోత తక్కువుండే తన యాప్ ల్యాబ్ విభాగాన్ని ప్రధాన స్టోర్‌లో కలిపేసింది, మీరూ ఆ దారినే వడపోత సడలించారు. దాన్ని నేను తప్పుపట్టను. కోరమంగలలో ఇద్దరు ముగ్గురు కలిసి చేసుకునే చిన్న యాప్‌కూ చోటు దొరకాలి. కానీ అలాంటి మంచి యాప్ ఈ గుంపులో ఏ మూల పడి ఉందో నాకు కనిపించదు, దాన్ని చేసినవాడికి నేను కనిపించను. ఫిల్టర్లలో ధర ఉంది, రేటింగ్ ఉంది. కూర్చుని వాడేదా నిలబడి వాడేదా, ఉత్త 360 ఫొటోలా నిజంగా నడిచి చూసేదా అన్నది మాత్రం లేదు. హెడ్‌సెట్ కొన్నవాళ్ళు మొదట అడిగేది అదే.

నాకు కావలసింది చెబుతాను. రెండు యాప్‌ల డబ్బూ వెనక్కి ఇవ్వండి. ఆ హంపి పేజీలో ట్రైలర్ తీసేసి, ఈ హెడ్‌సెట్ లోపల రికార్డు చేసిన వీడియోనే పెట్టించండి, కంఫర్ట్ ముద్రను సరిచేయండి. తెలుగు టిక్కు పెట్టే ముందు తెలుగు వచ్చినవాళ్ళ చేత చూపించండి. డౌన్‌లోడ్ సమయాన్ని వాడకం లెక్కలోంచి తీసేయండి.

2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నియమాల ప్రకారం ఈ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేయాలి, నెలలోపు పరిష్కరించాలి. అది మీకు నేను చెప్పాల్సిన పని లేదు. 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ డార్క్ ప్యాటర్న్స్ అంటూ, ఆన్‌లైన్‌లో కొనేవాళ్ళను మభ్యపెట్టే 13 రకాల పద్ధతులను నిషేధించింది. ఒకటి ఆశపెట్టి ఇంకొకటి అంటగట్టడం వాటిలో ఉంది. ఈ ట్రైలర్ ఆ కిందికి వస్తుందో రాదో తేల్చమని వాళ్ళనే అడుగుతాను. నెలలోపు తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తాను, ఆ తర్వాత వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 749 కోసం ఇంత అవసరమా అని మా ఆవిడ కూడా అడిగింది. అవసరమే అన్నాను.

ఆర్డర్ వివరాలు, విరిగిన చక్రం, విడిపోయిన వత్తుల స్క్రీన్‌షాట్లు, మీటరు కనిపించేలా తీసిన రికార్డింగ్ జతచేశాను. రికార్డింగ్‌ను మీ టీమ్ హెడ్‌సెట్‌లో పెట్టుకుని చూడాలనుకుంటే భోజనానికి ముందే చూడమనండి.

డబ్బు నేను కట్టిన కార్డుకే వేయండి. స్టోర్ క్రెడిట్ వద్దు.

ఇట్లు,
మీ కస్టమర్,
మారతహళ్ళి, బెంగళూరు.