పేరు మార్చవలసింది నమూనాల్లో, పాత రికార్డుల్లో కాదు

సంపాదకులకు,

అయ్యా,

2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలోని 13 జిల్లాలు 26 అయినప్పుడు కందుకూరు ప్రకాశం జిల్లా నుంచి నెల్లూరు జిల్లాలోకి వచ్చింది. అద్దంకి, చీరాల, పర్చూరు బాపట్ల జిల్లాకు, గూడూరు, సూళ్లూరుపేట తిరుపతి జిల్లాకు వెళ్లాయి. హద్దులు ఇలా మారిన ప్రతిసారీ కార్యాలయాల్లో చడీచప్పుడు లేకుండా ఒక పని మొదలవుతుంది. ఏళ్ల తరబడి కంప్యూటర్లలో పేరుకుపోయిన వర్డ్, ఎక్సెల్ ఫైళ్లలో పాత జిల్లా పేరును వెతికి కొత్త పేరు పెట్టడమే ఆ పని. ఒక్కో ఫైలు తెరిచి దిద్దే తీరిక ఎవరికీ ఉండదు కనుక, ఫోల్డరు మొత్తానికి ఒకేసారి ‘ఫైండ్ అండ్ రీప్లేస్’ నడిపే మాక్రోనో (వర్డు, ఎక్సెల్ లోపలే పని చేసే చిన్న ప్రోగ్రాం), ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేరునో ఆశ్రయిస్తారు. దాన్ని నేను తప్పు పట్టడం లేదు. ఏ ఫైళ్లలో మార్చాలో, వేటిని ముట్టుకోకూడదో అధికారులు తేల్చకుండా, ఔట్‌సోర్సింగ్ ఆపరేటరును పిలిచి సాయంత్రానికల్లా ముగించమనడమే తప్పు.

నోటీసులు, ధ్రువపత్రాలు, లెటర్‌హెడ్లు వంటివి రేపు వాడబోయే నమూనాలు. వాటిలో పేరు మారి తీరాలి. కానీ 2016లో సంతకమై జారీ అయిన ప్రొసీడింగ్స్‌లో, అంటే అధికారిక ఉత్తర్వుల్లో, ఆనాటి జిల్లా పేరే ఉండాలి. కంప్యూటరులోని ప్రతిని ఇప్పుడు మారిస్తే బీరువాలోని అసలుకూ దానికీ పొంతన ఉండదు. మా బంధువులొకరు పాత ప్రొసీడింగ్స్ నకలు అడిగితే, ఒక కార్యాలయం వారు కంప్యూటరు నుంచి ప్రింటు తీసి ఇచ్చారు. అందులో తేదీ 2016, జిల్లా మాత్రం ఆనాటి ప్రకాశం కాక నెల్లూరు. బ్యాంకువారు ఆ కాగితాన్ని అనుమానించారు, అందులో వారి తప్పేమీ లేదు. కందుకూరు విషయంలో ఈ జాగ్రత్త మరీ అవసరం. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడక ముందు ఆ ప్రాంతం నెల్లూరు జిల్లాలోనే ఉండేది, ఒంగోలు జిల్లాకు ప్రకాశం పేరు వచ్చింది 1972లో. కాబట్టి అక్కడి కాగితంలో ఏ జిల్లా ఉండాలన్నది కాగితం మీది తేదీని బట్టి తేలవలసిందే తప్ప, అది తెరిచిన రోజును బట్టి కాదు.

మార్చదగిన ఫైళ్లలో కూడా గుడ్డిగా మారిస్తే ఏమవుతుందో చూడండి. ‘ప్రకాశం’ ఉన్న చోటల్లా ‘నెల్లూరు’ పెట్టమంటే టంగుటూరి ప్రకాశం పంతులు గారు టంగుటూరి నెల్లూరు పంతులవుతారు. దాన్ని చూసి నవ్వుకుని దిద్దుకోవచ్చు. కృష్ణా నది మీది ప్రకాశం బ్యారేజీ నెల్లూరు బ్యారేజీగా మారితే మాత్రం దిద్దేవారే ఉండరు, ఎందుకంటే పెన్నా నది మీద ఆ పేరుతో బ్యారేజీ నిజంగానే ఉంది, చదివేవారికి అనుమానమే రాదు. ఇక 2008లో నెల్లూరు జిల్లాకు శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా అని పేరు పెట్టారు. ‘నెల్లూరు జిల్లా’ అని ఉన్న చోటల్లా ఈ పూర్తి పేరు పెట్టమంటే, అప్పటికే సరిగ్గా ఉన్న ఫైళ్లలో అమరజీవి పేరు రెండేసి సార్లు వస్తుంది. ‘కావలి’ అని వెతికితే ‘కావలిసిన పత్రాలు’, ‘రాత్రి కావలిదారు’ కూడా దొరుకుతాయి. అలాగని పూర్తి పదాలు మాత్రమే వెతకమని గడిలో టిక్ పెడితే ‘కావలిలో’, ‘కావలికి’ తప్పిపోతాయి. ఇంగ్లిషుకు చాలిన ఆ టిక్ గుర్తు విభక్తులు మాటకే అంటుకుని ఉండే మన భాషకు చాలదు. పిన్‌కోడు సంగతి కూడా చెప్పాలి. జిల్లా మారినంత మాత్రాన కందుకూరు పిన్ 523105 మారలేదు, అది తపాలా శాఖ లెక్క. 523ను 524 చేస్తే ఉత్తరాలు దారి తప్పుతాయి.

అన్నీ మారాయనుకున్న చోట మారనివి మిగలడం మరో ఇబ్బంది. ఆఫీస్ 2007తో వాడుకలోకి వచ్చిన వర్డు డాక్స్ (.docx) ఫైలు నిజానికి ఒక జిప్ మూట, దాని లోపల ఉండేవి ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లు. ఎప్పుడో మధ్యలో ఒక అక్షరం దిద్దినా, సగం మాటకు బోల్డ్ పెట్టినా, తెర మీద ఒకటిగా కనిపించే ‘ప్రకాశం జిల్లా’ లోపల రెండు మూడు ముక్కలై ఉండవచ్చు. వర్డును తెరవకుండా ఆ ఎక్స్‌ఎంఎల్‌లోనే నేరుగా వెతికే సాఫ్ట్‌వేరుకు అది చిక్కదు. వర్డులో నడిచే మాక్రోకు ఈ బాధ లేదు గాని, మామూలుగా రాసే మాక్రో ప్రధాన పాఠాన్నే చూస్తుంది. పేజీ పైన, కింద వచ్చే హెడర్లు, ఫుటర్లు, ఇంకా టెక్స్ట్ బాక్సులు కూడా చూడమని అందులో విడిగా రాయాలి. జిల్లా పేరు ఉండేది ఎక్కువగా హెడరులోనే కదా!

యూనికోడ్ కాని అను ఫాంట్లతో టైపు చేసిన పాత ఫైళ్లది ఇంకో కథ. తెర మీద చక్కని తెలుగు కనిపించినా లోపల నిల్వ ఉండేవి ఇంగ్లిషు అక్షరాల సంకేతాలే. ఇప్పుడు అందరూ వాడే యూనికోడ్ తెలుగులో టైపు చేసి వెతికితే ఒక్కటీ దొరకదు, ‘ఏమీ లేవు’ అనే ఆ జవాబును ‘అంతా సవ్యం’ అని అర్థం చేసుకునే ప్రమాదం ఉంది. యూనికోడ్‌లో సైతం ‘ఎస్‌పీఎస్‌ఆర్’ (శ్రీ పొట్టి శ్రీరాములుకు పొట్టి రూపం) వంటి మాటల చివరి పొల్లు తర్వాత, కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్‌ను కొందరు టైపు చేస్తారు, కొందరు చేయరు. మనకు రెండూ ఒకటే, కంప్యూటరుకు వేరు. స్కాన్ చేసిన పీడీఎఫ్‌లో ఉన్నది బొమ్మే కనుక అందులో ఈ వెతుకులాట సాగదు. డిజిటల్ సంతకం ఉన్న ఫైలులో ఒక్క అక్షరం మార్చినా ఆ సంతకం చెల్లదు.

అందుచేత నెల్లూరు, ప్రకాశం జిల్లాల కలెక్టర్లకు మీ పత్రిక ద్వారా నా మనవి ఇది. జారీ అయిన కాగితాలన్నిటినీ వేరే ఫోల్డరులో పెట్టించి, వాటిని చదవడానికే తప్ప మార్చడానికి వీల్లేకుండా చేయించాలి. నమూనాల ఫోల్డరుకు మరో డ్రైవులో నకలు తీయకుండా ఎవరూ మార్పు మొదలుపెట్టకూడదు, ఎందుకంటే వందల ఫైళ్లు సేవ్ అయి మూసుకున్నాక చేసిన మార్పును వెనక్కి తీసుకునే కంట్రోల్ జెడ్ ఎవరినీ ఆదుకోదు. మొదటి విడతలో ఏమీ మార్చకుండా, ఏ ఫైలులో ఏ వాక్యంలో పాత పేరు ఉందో జాబితా మాత్రమే తీయించి, దాన్ని సెక్షన్ సూపరింటెండెంటు చదివి సంతకం చేయాలి. ఒంటి మాటను కాక మండలం, జిల్లా పేర్లు రెండూ కలిసిన పూర్తి పదబంధాన్నే మార్చాలి. ఏ పదబంధానికి బదులు ఏది పెట్టాలో చెప్పే పట్టికను, అది ఏ తేదీ నుంచి వర్తిస్తుందో సహా, కలెక్టరేటే తయారు చేసి తహశీల్దారు కార్యాలయం మొదలు గ్రామ సచివాలయం దాకా ఒకే ప్రతిని పంపాలి. ఇప్పటికే పేర్లు మారిపోయిన పాత ప్రొసీడింగ్స్ ఉన్న చోట, కంప్యూటరు ప్రింటును కాక బీరువాలోని అసలుకు జిరాక్సు తీసి, సరిచూసి ధ్రువీకరించిన ప్రతినే నకలుగా ఇవ్వమని వెంటనే ఆదేశించాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత సీనియర్ అసిస్టెంటు,
నెల్లూరు